తలుపు తీయండి, ఆ కాస్త రక్తం ఇవ్వండి

పాల్వంచ పెద్దలకు, కిన్నెరసాని అవతలి గూడేల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు,

ఈ ఊళ్లో రక్తపరీక్షలు చేసి బతుకుతున్నవాణ్ని. మీలో చాలామంది చేతికి నేనే సూది వేశాను. ఆ చనువుతోనే రాస్తున్నాను.

నిరుడు, 2021 జూన్ సర్వేలో తెలంగాణలో నూటికి 60 మందికి కరోనా యాంటీబాడీలు ఉన్నాయని పేపర్లో చదివి గుండెల మీద చెయ్యేసుకున్నాం. అది మూడు జిల్లాల లెక్క: జనగామ, కామారెడ్డి, నల్లగొండ. 2020 మేలో ఆ మూడు జిల్లాల్లో 1,200 మందిని చూస్తే నలుగురికే కనబడ్డాయి. డిసెంబరుకు నూటికి 24 అయింది. ప్రతిసారీ అవే మూడు జిల్లాలు. ఈ అడవి అంచు మనుషుల రక్తం అందులో ఒక్క చుక్క లేదు.

ఈ 2022 జనవరి 4 నుంచి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు అదే యాంటీబాడీ సర్వేకు 33 జిల్లాలూ తిరుగుతున్నారు, జిల్లాకు పది ఊళ్లు. ఇన్నాళ్లకు మన వంతు వచ్చింది. మనమేమో సర్వే జీపు కనబడితే తలుపులేసుకోమని ఫోన్లు చేసుకుంటున్నాం! చదువుకున్నవాళ్లే, కేటీపీఎస్ కరెంటు కేంద్రం క్వార్టర్లలో ఉన్నవాళ్లే ఈ మాట అంటుంటే ఒళ్లు మండుతోంది. పాజిటివ్ వస్తే ఎత్తుకుపోతారట. ఎవరు చెప్పారు? ఈ పరీక్ష ఇప్పుడు జబ్బుందా అని చూడదు. ఒంట్లో వైరస్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు, జబ్బు వల్లో టీకా వల్లో, తయారయ్యాయా అని చూస్తుంది. తీసేది ఐదు మిల్లీలీటర్లకు మించదు.

తప్పు నాదీ ఉంది. నిరుడు ఆటో నడిపే ఒక తమ్ముడు యాంటీబాడీ రిపోర్టు తెచ్చి చూపిస్తే, "ఇంకేం భయంరా నీకు" అన్నాను. ఆ మాట పట్టుకుని రెండో డోసుకు పోలేదు. ఈ సంక్రాంతికి ఆక్సిజన్ మీద ఉన్నాడు. యాంటీబాడీలు తగ్గిపోతాయని, ఒక్క మనిషి రిపోర్టు పూచీకత్తు కాదని నాకు తెలుసు. తెలిసీ నోరు జారాను.

ఊరందరి లెక్క వేరు. అది ఎక్కడ రక్షణ తక్కువుందో చూపిస్తుంది. పరీక్ష కూడా ఊరికే పుట్టలేదు. 2020 ఏప్రిల్‌లో విదేశాల నుంచి తెప్పించిన ర్యాపిడ్ కిట్లు ఒక్కోచోట ఒక్కో మాట చెబితే వాడొద్దని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆపేసింది. మే నెలలో పుణె వైరాలజీ సంస్థ 'కవచ్' ఎలీసా అనే యాంటీబాడీ పరీక్ష తెచ్చింది. చంపిన వైరస్‌ను చిన్న గుంటల్లో అంటించి మన సీరం వేస్తారు. యాంటీబాడీ ఉంటే అతుక్కుంటుంది, రంగు తేలుతుంది. రెండున్నర గంటల్లో 90 నమూనాలు. కోలుకున్నవాళ్లు చెయ్యి చాపి రక్తం ఇవ్వకపోతే ఆ కిట్టు నిజం చెబుతోందో లేదో తేలేదే కాదు. వాళ్లు మనకంటే తెలివితక్కువవాళ్లా?

వచ్చే నెల, ఫిబ్రవరి 16న మేడారం జాతర. గూడేలన్నీ కదులుతాయి. మళ్లీ ఆ మూడు జిల్లాల లెక్కే చూసుకుని పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకెళ్తామా?

సర్వే జాబితాలో మీ ఊరుంటే తలుపు తియ్యండి. ఆరేళ్లు దాటిన పిల్లల్నీ దాచకండి. కిన్నెరసాని అవతలికి బృందం వస్తే నేను వెంట వెళ్తాను. నాకు కోయమాట సరిగా రాదు. ఆ మాట వచ్చినవాళ్లు ఇద్దరు, అందులో ఒక ఆడమనిషి, నాతో రండి. ఆ రోజు పెద్దమ్మ గుడి దగ్గర పొద్దున ఏడింటికి ఉంటాను.