కారు వణికితే గాజులు తియ్యకండి, ముందు ఆయిలు చూడండి

పోయిన నెల మా ఆడపడుచు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "వదినా, సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, కారు వణికి ఆగిపోతోంది. వారానికి రెండుసార్లు అత్తయ్యగారిని డయాలసిస్‌కి తీసుకెళ్లాలా! మెకానిక్కేమో ఇంజను విప్పాలి, ముప్పై వేలవుతుందంటున్నాడు. మీ అన్నయ్యగారు నా గాజులు బ్యాంకులో పెడదామంటున్నారు."

నేనడిగింది ఒకటే. "ఇంజనాయిలు మార్చి ఎన్నాళ్లయింది?" అవతల చప్పుడు లేదు.

ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి వీవీటీ అనే ఏర్పాటు ఉంటుంది. (హ్యుందాయ్‌వాళ్లు వీటీవీటీ అన్నారు, టయోటావాళ్లు వీవీటీ-ఐ అన్నారు. పేరేదైనా పని అదే.) ఇంజనులోకి గాలి వెళ్లే తలుపుల్లాంటివి వాల్వులు. ఇంజను వేగాన్ని బట్టి అవి తెరుచుకునే వేళని ఇది కాస్త ముందుకీ వెనక్కీ జరుపుతుంది. పప్పుకొక మంట, పోపుకొక మంట పెట్టుకోమూ, అలాగన్నమాట.

చాలా కార్లలో దీన్ని జరిపేది ఇంజనాయిలు ఒత్తిడే! ఆ ఆయిలుని వదలడానికీ ఆపడానికీ ఒక చిన్న కరెంటు వాల్వు ఉంటుంది. మెకానిక్కులు ఓసీవీ అంటారు. ఆయిలు దారిలో టీ వడకట్టు కన్నా సన్నని జల్లెడ ఉంటుంది. ఆయిలు మార్చకుండా నెట్టుకొస్తే, బూరెల మూకుడికి జిడ్డు పట్టినట్టు లోపల మడ్డి పేరుకుని ఆ జల్లెడ మూసుకుపోతుంది. అప్పుడు ఇంజను వణుకుతుంది, పికప్ తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది, ముందు పసుప్పచ్చని ఇంజను బొమ్మ వెలుగుతుంది. ఎర్రని నూనె డబ్బా గుర్తు వెలిగితే మాత్రం మరేం ఆలోచించకండి, బండి పక్కకి ఆపి ఇంజను కట్టెయ్యండి.

ఆయిలు చూడ్డానికి మగవాళ్లే రానక్కర్లేదు. కారు చదునైన చోట పెట్టి, ఇంజను ఆపిన పది నిమిషాలకి డిప్‌స్టిక్ తీసి, పాత చీర ముక్కతో తుడిచి, మళ్లీ ముంచి తియ్యండి. తడి రెండు గీతల మధ్య ఉండాలి. నల్లబడితే కంగారు లేదు, తారులా ముద్దగా ఉంటేనే దిగులు. కారు పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి. చిక్కనిదైతే మంచిదనే మాట నమ్మకండి.

ఆ తరవాత "స్కానర్ పెట్టి కోడ్ చూపించు బాబూ" అనండి. పీ0010 అంటే ఆ ఓసీవీ కరెంటు సంగతి. పీ0011 అంటే గాలి వాల్వులు ఉండాల్సిన దానికన్నా ముందుకి జరిగిపోయాయని. కోడ్ వచ్చిందని సామాను పోయినట్టు కాదు సుమా! ఓసీవీ విప్పి జల్లెడ చూడాలి, మీటరుతో కొలవాలి, క్షణంసేపు బ్యాటరీ కరెంటిస్తే టిక్కుమని కదలాలి. ఇవన్నీ బాగుంటేనే చైన్ సాగిందా, ఫేజర్ చక్రం పోయిందా అని ఇంజను విప్పడం. పొద్దున స్టార్టు చెయ్యగానే రెండు క్షణాలు గరగరమంటే ఆ అనుమానం ఎక్కువ. కొందరు ఈ వరస తలకిందులు చేస్తారు, నాకదే ఒళ్లుమంట.

మా ఆడపడుచు కారులో ఆయిలు కడ్డీ చివర అంటీ అంటనట్టుంది. కొత్త ఆయిలు, ఫిల్టరు, ఓసీవీ శుభ్రం చేయించడం, అంతా కలిపి నాలుగు వేల లోపే. తగ్గిన ఆయిలు ఎటు పోయిందో తేలాలి కదా, ఆదివారం ఆదివారం కొలత చూసి పాల లెక్క రాసే క్యాలెండరు మీదే రాస్తోంది.