మంచు తొలిచిన లోయలు, మనం మరచిన పాఠాలు

2023 అక్టోబరు 3వ తేదీ రాత్రి ఉత్తర సిక్కింలో సుమారు 5,200 మీటర్ల ఎత్తున ఉన్న దక్షిణ ల్హోనక్ సరస్సుకు గండి పడింది. తెల్లవారేలోగా చుంగ్‌థాంగ్ వద్ద 1,200 మెగావాట్ల తీస్తా-3 జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్ట కొట్టుకుపోయింది. యాభై మందికి పైగా మరణించగా, డెబ్బై మందికి పైగా గల్లంతయ్యారు. దీనిని కేవలం వరదగా పరిగణించడం పొరపాటు. హిమాలయాల రూపురేఖలను వేల ఏళ్లుగా తీర్చిదిద్దుతున్న శక్తులే ఆ రాత్రి మన కళ్లెదుట ప్రత్యక్షమయ్యాయి.

హిమానీనదం కదలని మంచుగడ్డ కాదు. తన బరువు వల్లనే అది వాలు వెంట మెల్లగా జారుతుంది. అడుగున కరిగిన నీరు రాతి పగుళ్లలోకి చేరి తిరిగి గడ్డకట్టినప్పుడు, శిలాఖండాలు పెళ్లలుగా ఊడి మంచుతోపాటు కదిలిపోతాయి. మంచులో ఇరుక్కున్న ఆ రాళ్లే ఆకురాయి వలె కింది శిలను అరగదీస్తాయి. నది 'వి' ఆకారంలో లోయను కోస్తే, హిమానీనదం దానిని వెడల్పు చేసి 'యు' ఆకారానికి తెస్తుంది. శిఖరాల ఒడిలో గిన్నెల వంటి పల్లాలను తొలుస్తుంది. అలా తొలిచిన రాళ్లనూ మట్టినీ అంచుల వెంబడి గట్లుగా పోస్తుంది. వీటినే మొరెయిన్లు అంటారు.

ప్రమాదమంతా ఈ గట్లలోనే పొంచి ఉంది. భూతాపం వల్ల మంచు వెనుకకు తగ్గినకొద్దీ, అది తొలిచిన పల్లంలో నీరు చేరి సరస్సు పెరుగుతుంది. దానికి ఆనకట్టగా నిలిచేది ఏ ఇంజనీరూ కట్టని వదులు మట్టిగట్టు. ఇంతకాలం దన్నుగా ఉన్న మంచు తొలగడంతో పక్కగట్లూ పట్టు సడలుతాయి. ల్హోనక్‌లో జరిగినది ఇదే. సుమారు 1.47 కోట్ల ఘనపు మీటర్ల గట్టు విరిగి సరస్సులో పడగా, ఎగసిన అల ముందున్న కట్టను తెంచింది. దాదాపు 5 కోట్ల ఘనపు మీటర్ల నీరు దిగువకు ఉరికింది. దారిలో ఒడ్లను కోసుకుంటూ అంతకు అనేక రెట్ల మట్టినీ రాళ్లనూ వెంట తీసుకుపోయింది.

ఈ సరస్సు ప్రమాదకరమని శాస్త్రజ్ఞులు చాలా ముందే హెచ్చరించారు. 2016లో గొట్టాలు వేసి కొంత నీటిని బయటకు పంపే ప్రయత్నమూ జరిగింది. అయినా దిగువన ఆనకట్ట 2017లో ఉత్పత్తి ప్రారంభించింది. కూలిన చోటనే మరింత ఎత్తయిన కాంక్రీటు ఆనకట్ట నిర్మాణానికి 2025 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల సంఘం సిఫారసు చేసింది.

విద్యుత్తు అవసరమే, కాదనేవారు లేరు. అయితే కాంక్రీటు ఎంత గట్టిదన్న ప్రశ్న కన్నా, ఎగువన ఉన్న గట్టు ఎంత కాలం నిలుస్తుందన్నది ముఖ్యం. సరస్సులపై నిరంతర నిఘా, దిగువ గ్రామాలకు క్షణాలలో చేరే హెచ్చరిక, గేట్లు ఎత్తే అధికారం ఎవరిదన్న స్పష్టత, ఈ మూడూ సమకూరిన తరువాతనే కొత్త పునాదిరాయి పడాలి. మంచు తొలిచిన లోయలో ఇల్లు కట్టుకొనేవాడు మంచు నడకను తెలుసుకొనక తప్పదు.