టీవీ ఎవరి కంటికి?

కొత్త టీవీ అనగానే మగవాళ్ళు అంగుళాల లెక్క ఎత్తుకుంటారు. మా కొవ్వూరు ఇంట్లోనూ అంతే, 55 కావాలని మావారూ, బాబూ. రాజమండ్రి షాపులో ఏదైనా బాగానే ఉంటుందండీ, అక్కడ హాలు పెద్దది కదా! మా గదిలో మంచానికీ గోడకీ మధ్య ఆరడుగులే. 43 చాలన్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 దాటినవాటికి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ మిగులుతో పెద్దది కొందామంటారు. మిగిలింది మిగలనివ్వొచ్చుగా!

బిగించే కుర్రాడు క్యాలెండరు ఎత్తున డ్రిల్లు పెట్టబోయాడు. పగలంతా కూర్చుని చూసేది మా అత్తయ్యగారు. ఆవిడ కంటి ఎత్తుకి దింపించాను. ఆవిడకి యాప్‌లు అక్కర్లేదు, ఆన్ చెయ్యగానే సీరియల్ రావాలి. అందుకే కేబుల్ బాక్సు తియ్యనివ్వలేదు. నెలనెలా దండగంటారు మావారు. ఆయన క్రికెట్ ప్యాకు మాత్రం దండగ కాదట.