ఉద్యమకారిణుల కాగితాలు ఎవరి బాధ్యత?

రోసా పార్క్స్ గురించి లోకం చెప్పుకునే కథ చాలా చిన్నది. 1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గోమరీలో పని ముగించుకుని ఇంటికెళ్తున్న ఓ నల్లజాతి దర్జీ మహిళ, తెల్లవాడి కోసం బస్సులో సీటు వదలనంది. అరెస్టయింది. దేశం కదిలింది. ఒక్క సాయంత్రంలో మొదలై ముగిసిపోయే ఈ కథ ఎంత అసంపూర్ణమో ఆమె దాచుకున్న కాగితాలు చెబుతాయి.

ఆ కాగితాలు మాత్రం జనం కంటపడటానికి పదేళ్లు పట్టింది. 2005లో డెట్రాయిట్‌లో ఆమె కన్నుమూశాక వారసత్వ తగాదా కోర్టుకెక్కింది. ఉత్తరాలు, ఫొటోలు, రాసుకున్న పుస్తకాలు న్యూయార్క్‌లోని ఓ వేలం సంస్థ గోదాములో కొనేవాళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాయి. చరిత్రకారిణి జీన్ థియోహారిస్ 2013లో రోసా సమగ్ర జీవిత చరిత్రను వెలువరించే నాటికీ వాటిని చూసే వీల్లేకపోయింది. 2014లో హోవర్డ్ బఫెట్ ఫౌండేషన్ వాటిని కొని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించింది. 2015లో పరిశోధకులకు తలుపులు తెరుచుకున్నాయి. సుమారు 7,500 రాతప్రతులు, 2,500 ఫొటోలు. ఇప్పుడు వాటిని ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు.

ఏమున్నాయి వాటిలో? వేరుశనగ వెన్నతో పాన్‌కేకులు ఎలా వేయాలో ఓ కవరు వెనక రాసుకుంది. భర్తకు, తల్లికి రాసిన ఉత్తరాలున్నాయి. జాతి వివక్ష మనిషిని లోపల్లోపల ఎలా నలిపేస్తుందో విడి కాగితాల మీద రాసుకున్న మాటలున్నాయి. అరెస్టు తర్వాత ఆమె డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఉద్యోగం పోగొట్టుకుంది. క్షురకుడైన భర్త రేమండ్ కూడా పని వదులుకోవాల్సి వచ్చింది. 1955లో ఆ దంపతుల ఏడాది సంపాదన 3,749 డాలర్లు. 1959 నాటికి అది 661 డాలర్లకు పడిపోయినట్టు పన్ను లెక్కలు చెబుతాయి. విగ్రహాలు, తపాలా బిళ్లలు చెప్పని నిజమిది. ఉద్యమం కోసం ఓ ఇల్లు ఎంత చెల్లించుకుందో తెలియాలంటే ఉపన్యాసాలు చాలవు, ఆ ఇంటి జమాఖర్చులూ కావాలి.

పోరాటం కూడా ఆ బస్సులో మొదలైంది కాదు. 1944లో అలబామాలోని అబ్బెవిల్‌లో రీసీ టేలర్ అనే నల్లజాతి యువతిపై తెల్లజాతి యువకులు సామూహిక అత్యాచారం చేస్తే, వివరాలు సేకరించడానికి పౌరహక్కుల సంఘం తరఫున వెళ్లింది రోసాయే. దోషులకు శిక్ష పడలేదు. అలబామా శాసనసభ రీసీకి క్షమాపణ చెప్పింది 2011లో.

ఉద్యమ స్త్రీల కాగితాలను ఎవరు కాపాడాలన్న ప్రశ్న తెలుగు నేల మీదా వేసుకోక తప్పదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన బృందం వాళ్ల నోటే విని, రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. అది మహోపకారం. కానీ దశాబ్దాల తర్వాత చెప్పే జ్ఞాపకం వేరు, ఆ రాత్రే రాసిన ఉత్తరం వేరు. మొదటిది అనుభవం మనసులో ఎలా మిగిలిందో చెబుతుంది. రెండోది ఆనాటి భయాన్నీ ఆశనూ ఉన్నదున్నట్టు పట్టిస్తుంది. చరిత్రకు రెండూ కావాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు అడ్డం తిరిగారు. 1993 అక్టోబరు నుంచి సారాపై, 1995 జనవరి నుంచి మొత్తం మద్యంపై నిషేధం వచ్చింది. అక్షరాస్యత కేంద్రాల్లో పలక పట్టిన చేతులు ఆ ఉద్యమాన్ని నడిపాయి. అప్పుడు ముప్పై ఏళ్లున్న మనిషికి ఇప్పుడు అరవై దాటాయి. వేలిముద్రల అర్జీలు, సంఘం పుస్తకాలు, కరపత్రాలు ఇంకా ఏ ట్రంకుపెట్టెలోనైనా ఉంటే వాటిని వెతికి పట్టుకోవాల్సింది ఇప్పుడే. ఇల్లు మారినప్పుడో, పాత సామాను తీసేసినప్పుడో ముందు పోయేవి అవే.

ఇంటి ఉత్తరాలు బయట పెట్టడానికి కుటుంబాలు వెనకాడటం సహజం. ఆ సంకోచాన్ని గౌరవించాలి. సొంత విషయాలున్న ఉత్తరాలను ఇన్నేళ్ల దాకా తెరవకూడదని షరతు పెట్టుకోవచ్చు. అసలు ఇవ్వడం ఇష్టం లేకపోతే, స్కాన్ చేసుకుని తిరిగి ఇచ్చేయొచ్చు. డబ్బు లేదనడానికీ వీల్లేదు. ఇంటిపన్నుతో పాటు జనం గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు.

రెండు రాష్ట్రాల ఆర్కైవ్స్ శాఖలు, విశ్వవిద్యాలయాల స్త్రీ అధ్యయన కేంద్రాలు, జిల్లా గ్రంథాలయ సంస్థలు కలిసి ఈ పనికి పూనుకోవాలి. ఒక స్కానర్, శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు, చెదపట్టని ఒక గది ఉంటే జిల్లా స్థాయిలో మొదలుపెట్టొచ్చు. పెద్ద నాయకురాళ్ల కాగితాలతో ఆగకుండా, ఊరి సంఘం నడిపిన స్త్రీల దాకా వెళ్లాలి. ఆ మొదటి ప్రయత్నం ఈ ఏడాదే నెల్లూరు జిల్లాలో, సారా ఉద్యమ స్త్రీల ఇళ్ల నుంచి ప్రారంభం కావాలి.