గుడారం వేసే హక్కు

శిబిరం అనే మాట మన వాడలకు కొత్త కాదు. 1985 జులైలో కారంచేడు మాదిగపల్లె మీద దాడి జరిగాక, బతికి బయటపడ్డవాళ్ళు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు. 1991 ఆగస్టులో చుండూరు దళితుల మీద దాడి జరిగాక మనవాళ్ళు తెనాలికి వచ్చి తలదాచుకున్నారు. పాలమూరు కూలిజనం ఎక్కడ కాలువ తవ్వితే అక్కడే గుడిసెలేసుకుని ఎండకూ వానకూ బతికారు. మన బతుకుల్లో గుడారమంటే తరిమితే వేసుకునేది. లేదా కూలికి పోతే వేసుకునేది.

ఇంకో గుడారం ఉంది. సెలవుల్లో సరదా కోసం, ముందుగా డబ్బు కట్టి, చోటు ఎంచుకుని, పిల్లాజెల్లాతో అడవికి పోయి వేసుకునేది. దీన్ని క్యాంపింగ్ అంటారు. పొలం పనికీ కూలి పనికీ పోయేవాళ్ళకు దీంతో ఏం పని అని అడగొచ్చు. పని ఉంది. అడవికి పోదామనుకున్నప్పుడు ఒకడు సంచిలో ఏమేం సర్దాలా అని ఆలోచిస్తాడు. ఇంకొకడు అక్కడ మనల్ని ఎవరు రానిస్తారు, ఎక్కడ నీళ్ళు తాగనిస్తారు, రాత్రికి ఎక్కడ పడుకోనిస్తారు అని ఆలోచిస్తాడు. ఇద్దరూ పోయేది ఒకే చోటికి. కానీ ఇద్దరి ప్రయాణ ఏర్పాట్లూ ఒకటి కాదు. మనం మాట్లాడాల్సింది ఈ తేడా గురించే.

ముందు పద్ధతి సంగతి చూద్దాం. నేషనల్ పార్కులనేవి అమెరికాలో 1872లో ఎల్లోస్టోన్‌తో మొదలయ్యాయి. ఇప్పుడు అక్కడ 63 ఉన్నాయి. అవి ప్రభుత్వ భూములు, జనం ఆస్తి. గుడారానికి చోటు కావాలంటే చాలా పార్కుల్లో నెలల ముందే బుక్ చేసుకోవాలి. యోసెమిటీ లాంటి పేరున్న పార్కుల్లో వేసవి చోట్లు బుకింగు తెరిచిన కొద్ది నిమిషాల్లోనే అయిపోతాయి. అక్కడ మామూలుగా ఒక గుడారపు చోటుకు ఆరుగురికి మించి ఒప్పుకోరు. ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయి గనుక తిండి సరుకులే కాదు, సబ్బు, పళ్ళపేస్టు కూడా ఇనపపెట్టెలో పెట్టి గడియ వేయాలి. మంట వేయాలంటే వాళ్ళు కట్టిన పొయ్యిలోనే వేయాలి. ఇవన్నీ మంచి నియమాలే. అందరికీ ఒకటే నియమాలు. బుకింగులో నీ రంగేమిటని ఎవరూ అడగరు.

కానీ ఈ 'ఎవరూ అడగరు' అనేది ఆకాశం నుంచి ఊడిపడలేదు.

వర్జీనియా రాష్ట్రంలో షెనాండోవా అనే పార్కు ఉంది. 1935లో ఏర్పడింది. కొండల మీద బతికే వందల పేద కుటుంబాలను లేపేసి ఆ పార్కు చేశారు. వాళ్ళు తెల్లవాళ్ళే, అయినా పేదవాళ్ళు. కొండ కొప్పు వెంట నూట అయిదు మైళ్ళ రోడ్డు వేశారు. ఆ రోడ్డు పక్కన గుడారాలకు, వనభోజనాలకు చోట్లు కట్టారు. అది కేంద్ర ప్రభుత్వ పార్కు. నల్లవాళ్ళు కూడా పన్ను కట్టిన సొమ్ముతో కట్టింది. అయినా నల్లవాళ్ళకు వేరే చోటు ఉండాలన్నారు. ఎందుకయ్యా అంటే స్థానిక ఆచారం అన్నారు. 1939లో లూయిస్ మౌంటెన్ అనే ఒక్క కొండ మీద నీగ్రోల ప్రాంతం అని బోర్డు పెట్టి గుడారాల చోటు తెరిచారు. అంత పెద్ద పార్కులో నల్ల కుటుంబం రాత్రి పడుకోవడానికి అదొక్కటే దిక్కు.

'స్థానిక ఆచారం' అనే మాట ఎక్కడో విన్నట్టు లేదా? మన ఊళ్ళో దాన్నే కట్టుబాటు అంటారు. చట్టం ఒకటి చెబుతుంది, కట్టుబాటు ఇంకొకటి చేయిస్తుంది. బావి పంచాయతీ డబ్బుతో తవ్వుతారు, చేద మాత్రం ఊరిది. లూయిస్ మౌంటెన్ అంటే అమెరికాలో కట్టిన మాలపల్లె. ఊరికి దూరంగా, బోర్డుతో సహా.

ఆ బోర్డు దానంతట అది ఊడిపోలేదు. నల్లజాతి సంఘాలు ఉత్తరాలు రాశాయి, ఫిర్యాదులు చేశాయి. పార్కులను చూసే శాఖలో నల్లజాతి వ్యవహారాల సలహాదారుగా ఉన్న విలియం ట్రెంట్ లోపలినుంచి ఒత్తిడి పెట్టాడు. మంత్రి హెరాల్డ్ ఇకెస్ దిగొచ్చాడు. మొదట ఒక వనభోజనాల చోటును అందరికీ తెరిచి చూశారు. కొంపలేం మునగలేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పార్కుల్లో వివక్ష కూడదని ఆదేశాలు వచ్చాయి. ఆదేశం కాగితం మీదికి వచ్చాక కూడా నేల మీదికి రావడానికి ఏళ్ళు పట్టింది. 1950 నాటికి గానీ షెనాండోవా పూర్తిగా అందరిదీ కాలేదు. జీవో వచ్చిందని పండగ చేసుకుని ఇంటికి పోయేవాళ్ళు ఈ పదేళ్ళ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

పార్కు గేటు తెరిచినా, గేటు దాకా పోవాలి కదా. దారిలో పెట్రోలు ఎవరు పోస్తారు? అన్నం ఎవరు పెడతారు? చీకటి పడితే ఎక్కడ ఆగాలి? 1936లో న్యూయార్క్ హార్లెంలో విక్టర్ గ్రీన్ అనే పోస్ట్‌మాన్ ఒక పుస్తకం వేశాడు. నల్లవాళ్ళను రానిచ్చే హోటళ్ళు, కొట్లు, పెట్రోలు బంకుల పేర్లన్నీ అందులో ఉంటాయి. గ్రీన్ బుక్ అన్నారు దాన్ని. 1960ల దాకా అది వస్తూనే ఉంది. ఇలాంటి పుస్తకంతో పని లేని రోజు రావాలని వేసినాయనే కోరుకున్నాడు. తెల్లవాడి ప్రయాణానికి మ్యాపు చాలు. నల్లవాడి ప్రయాణానికి మ్యాపుతో పాటు ఈ పుస్తకం కావాలి.

మనకు పుస్తకం కూడా లేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ స్వయంగా రాసుకున్న సంగతి చూడండి. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఉంది. 1934లో ఉద్యమ సహచరులు ఏవైనా చూడదగ్గ చోట్లకు పోదామన్నారు. వేరూల్ బౌద్ధ గుహలు చూడాలని అనుకున్నారు. సుమారు ముప్పై మంది. బస్సులు, కార్లు మాట్లాడుకున్నారు. ఎటు పోతున్నారో బయటికి చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. అంటరానివాళ్ళని తెలిస్తే దారిలో ఇబ్బందులు తప్పవని. ఆగబోయే చోట్లలో ఉన్న మనవాళ్ళకు మాత్రమే కబురు పెట్టారు. విదేశాల్లో పెద్ద చదువులు చదివిన మనిషి, లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూర్చున్న నాయకుడు, విహారయాత్రకు దొంగచాటుగా పోవలసి వచ్చింది!

అప్పటి నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట గేటు దగ్గర నిండుగా ఒక నీళ్ళకుంట ఉంది. దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు కొందరు కడుక్కున్నారు. అంతే. ఒక ముసలాయన కుంట మైలపడిందని కేకలు పెట్టాడు. జనం పోగయ్యారు. ఆ కేకలు పెట్టింది ముస్లింలు. హిందువుకు అంటరానివాడు ముస్లింకు కూడా అంటరానివాడే అయ్యాడని బాబాసాహెబ్ తేల్చి చెప్పారు. చివరికి కోట లోపలికి పోనిచ్చారు. లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకూడదని షరతు పెట్టి, వెంట ఆయుధంతో ఒక సిపాయిని పంపారు. మహద్ చెరువులో నీళ్ళు తాగి హక్కు చాటిన ఏడేళ్ళ తర్వాత మాట ఇది.

1934లో మన బస్సులు, 1936లో గ్రీన్ బుక్, 1939లో లూయిస్ మౌంటెన్. దేశాలు రెండు, జబ్బు ఒకటే. ఊరు చూడటం, కొండ చూడటం, చెట్టు కింద హాయిగా పడుకోవడం డబ్బుతో వచ్చే సుఖాలే అనుకోవద్దు. అవి పౌరహక్కులు.

రెండో సంగతి. ఈ పార్కులు చేసినదెవరు, పోగొట్టుకున్నదెవరు? 1903లో సెక్వోయా పార్కుకు తాత్కాలిక సూపరింటెండెంటుగా చార్లెస్ యంగ్ అనే నల్లజాతి సైనికాధికారి పనిచేశాడు. బానిస తల్లిదండ్రులకు పుట్టినవాడు. పెద్ద చెట్ల అడవి దాకా బండ్లు పోయే దారిని ఆయన దళమే పూర్తి చేసింది. నల్ల సైనికులు దారి వేసిన దేశంలోనే, ముప్పై ఆరేళ్ళ తర్వాత నల్ల కుటుంబానికి వేరే కొండ చూపించారు.

యోసెమిటీలో 1851లో సాయుధ దళం వచ్చి అహ్వానీచీ అనే మూలవాసుల గూడేలను తగలబెట్టింది. మిగిలినవాళ్ళు తర్వాత కాలంలో అక్కడే కూలీలుగా బతికారు. వాళ్ళ లోయ పేరు అహ్వానీ. 1927లో అక్కడ ధనవంతుల కోసం పెద్ద హోటలు కట్టి ఆ పేరే పెట్టారు. పేరు ఉంచుకున్నారు, మనుషుల్ని మాత్రం వద్దన్నారు. 1969లో వాళ్ళ చివరి పల్లె ఇళ్ళు కూడా పడగొట్టారు.

ఆ పార్కుల నమూనానే మన దేశానికీ వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం జాతీయ పార్కులకూ అభయారణ్యాలకూ దారి వేసింది. నల్లమల పులుల అడవి అయింది. అక్కడ తరతరాలుగా బతుకుతున్న చెంచులకు ఊళ్ళు ఖాళీ చేయమని మాటలు మొదలయ్యాయి. ఇటు పట్నం నుంచి కార్లలో వచ్చేవాళ్ళకు కాటేజీలు, సఫారీలు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు గుర్తించాలి, గ్రామసభ ఇష్టపూర్వకంగా ఒప్పుకోవాలి. అప్పుడే ఊరు కదిలించే మాట ఎత్తాలి. చెంచు గుడిసె పులికి అడ్డమైతే, పర్యాటకుడి జీపు అడ్డం కాదా?

ఇవన్నీ పాతకథలు, ఇప్పుడంతా బాగుందనే పెద్దమనుషులుంటారు. అమెరికా పార్కుల్లో మార్టిన్ లూథర్ కింగ్ రోజున ఏళ్ళ తరబడి ప్రవేశం ఉచితంగా ఉండేది. బానిసత్వం పోయిన గుర్తుగా జరుపుకునే జూన్ 19ని కూడా ఆ జాబితాలో చేర్చారు. 2026 జాబితాలో ఆ రెండూ తీసేశారు. జూన్ 14ను చేర్చారు. అది అక్కడి జెండా పండగ రోజు, ఇప్పటి అధ్యక్షుడి పుట్టినరోజు కూడా. చిన్న విషయమే అనిపిస్తుంది. క్యాలెండర్‌లో పేరు తీసేయడంతోనే మొదలవుతాయి పెద్ద విషయాలు.

మనోళ్ళ పిల్లలు కొందరు ఆ దేశంలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. సెలవులొస్తే నలుగురు తెలుగువాళ్ళతో కలిసి ఈ పార్కులకు పోతారు. మంట చుట్టూ కూర్చున్నప్పుడు మీ ఇంటిపేరేంటి, మీదే ఊరు, మీరేమిట్లు అనే ఆరా మొదలవుతుంది. సముద్రాలు దాటినా కులం గుడారంలోకి దూరుతుంది. సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. ఊరికే చేయలేదు.

అందుకే మన సంఘాలకు, యువకులకు ఒక మాట. అడవి మనకెందుకులే అని కూర్చోవద్దు. హాస్టలు పిల్లల్ని తీసుకుని పోండి. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి పోవద్దు, అటవీశాఖ చూపిన చోటే ఉండండి, అడవికి నిప్పు పెట్టవద్దు. అది చట్టం. మన పేర్లతోనే, మన సంఘం బ్యానర్‌తోనే బాహాటంగా పోండి. బాబాసాహెబ్‌కు దక్కనిది అదే. వంట అందరూ కలిసి చేయండి. గిన్నెలు తోమే పని ఆడపిల్లలకో, మనలోనే కింద అనుకునే కులాల పిల్లలకో వదిలేయకండి. మాల, మాదిగ, డక్కలి, రెల్లి అందరూ ఒకే గుడారంలో పడుకోండి. మనలో మనకు లూయిస్ మౌంటెన్లు వద్దు. దారి చూపే చెంచు మనిషికి న్యాయమైన కూలి ఇవ్వండి. వాళ్ళ ఊరికి పోయేముందు వాళ్ళనడగండి. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి పట్టుకుపోండి. మనం పారేసిన చెత్త ఎత్తేది ఎవరో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ పిల్లలకు ఏటా ఒక అడవి యాత్ర ప్రభుత్వ ఖర్చుతో ఉండాలని జిల్లా జిల్లాలో అడుగుదాం. అడవి యాత్రల ఆదాయంలో చెంచు పెంటలకు వాటా ఉండాలని వాళ్ళు అడిగితే వాళ్ళతో నిలబడదాం. తరిమితే వేసుకున్న గుడారాలు చాలు. ఇక మన ఇష్టంతో, మన హక్కుగా, ఎవరినీ తరమకుండా వేసుకుందాం.