గుట్ట కింద పసుపు, సున్నం, లక్ష రూపాయల మెషీన్

పోయిన నెల మా ఇంటోళ్లమంతా యాదగిరిగుట్టకు వెళ్లాం. దర్శనం బాగా అయింది. పులిహోర తీసుకుని ఓ పక్కన కూర్చున్నామో లేదో, మా చిన్నాయన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు సైన్సు రాస్తవ్ గదా, గిది జర చూడు. కొనాల్నా, వద్దా?"

అదొక రీల్. ఒకాయన రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, రెండింట్లో ఏవో చుక్కలు వేశాడు. ఒకటి పసుపుపచ్చగా, ఇంకోటి ఊదారంగులోకి మారింది. "మీరు తాగేది యాసిడ్ నీళ్లు. మా మెషీన్ ఇచ్చేది ఆల్కలైన్ నీళ్లు. మోకాళ్ల నొప్పులు, గ్యాస్, షుగర్ అన్నీ మాయం" అంటున్నాడు. మెషీన్ ధర లక్షకు పైనే. చిన్నాయనకు నాలుగేండ్లుగా మోకాళ్ల నొప్పులు. ఎత్తిన చీటీ డబ్బులు చేతిలో సిద్ధంగా ఉన్నాయి.

"రంగు మారింది గద బిడ్డా, కండ్ల ముందటనే" అన్నాడు. ఆయన్ను నమ్మించింది ఆ రంగే.

"సరే, కిందికి పోయినంక నేనూ మారుస్త రంగు" అన్నాను.

గుట్ట కింద అన్నీ దొరుకుతాయి. పూజా సామాన్ల దుకాణంలో పసుపు ప్యాకెట్, పాన్ డబ్బా దగ్గర చిటికెడు సున్నం, హోటల్లో నిమ్మకాయ చెక్క. రెండు కాగితం గ్లాసుల్లో నీళ్లు పోసి పసుపు కలిపాను. రెండూ పసుపే. ఒకదాంట్లో సున్నం వేసి తిప్పాను. అంతే, నెత్తురులా ఎర్రబడింది. చిన్నాయన కండ్లు పెద్దవయ్యాయి. దాంట్లోనే నిమ్మకాయ పిండుతూ పోయాను. మళ్లీ పసుపు రంగు వచ్చేసింది.

"గిదేంది, ఎర్రనీళ్లు!" అంది పక్కనే ఉన్న చిన్నమ్మ. కొత్త కోడలికి దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవే కదా. పసుపుతో సంప్రదాయంగా చేసే కుంకుమలోనూ ఇదే కిటుకు. పులిహోర మరక పడ్డ తెల్లచొక్కాకు సబ్బు రుద్దితే ఎర్రగా అవడమూ ఇదే. సబ్బు కూడా సున్నంలాగే క్షారం.

ఇక్కడ లెక్క చాలా సింపుల్. నీళ్లలో కలిసినప్పుడు హైడ్రోజన్ అయాన్‌ను వదిలేది ఆమ్లం, అంటే యాసిడ్. దాన్ని లాక్కునేది క్షారం. పసుపులోని కర్క్యుమిన్ ఆమ్లంలో పసుపుగానే ఉంటుంది, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. రీల్‌లో ఆయన వేసిన చుక్కలూ ఇలాంటివే. నీళ్ల గుణం ఏ వైపు ఉందో ఆ రంగు చెబుతుంది. మోకాళ్ల సంగతి మాత్రం చెప్పదు.

ఎంత ఆమ్లం, ఎంత క్షారం అని కొలవడానికే పీహెచ్ స్కేలు. 1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త దీన్ని తెచ్చాడు. అవును, బీరు కంపెనీ పెట్టిన ల్యాబే. 7 అంటే మధ్యస్థం. కిందికి పోతే ఆమ్లం, పైకి పోతే క్షారం. నిమ్మరసం దాదాపు 2, సున్నపు తేట 12 పైన. ఒక్కో మెట్టుకు తేడా 10 రెట్లు, రెండు మెట్లకు 100 రెట్లు. అసలు విషయం అంతా ఇక్కడే ఉంది.

మన కడుపులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. పీహెచ్ 2 అటూ ఇటూ. మెషీన్ నీళ్లు 9 అనుకుందాం. లెక్క వేస్తే కడుపులోని ఆమ్లం ఆ నీళ్ల క్షారం కంటే 1000 రెట్లు బలమైంది. పావు లీటరు గ్లాసు తాగితే, దాని క్షారాన్ని చంపడానికి పావు మిల్లీలీటరు కడుపు ఆమ్లం చాలు. అంటే నాలుగైదు చుక్కలు! నీళ్లలో బైకార్బనేట్లు ఉంటే మాత్రం అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది.

"మరి నెత్తురు ఆల్కలైన్ అయితదని అంటున్నడు గద?" అన్నాడు చిన్నాయన.

నెత్తురు ఎప్పుడూ కొంచెం క్షారమే. పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతూ, కిడ్నీలు ఎక్కువైనదాన్ని మూత్రంలోకి పంపుతూ దాన్ని అక్కడే పట్టి ఉంచుతాయి. తాగే నీళ్లతో అది అటూ ఇటూ ఊగితే మనం నిమ్మకాయ సోడా తాగిన రోజే పడిపోవాలి.

అప్పుడు నేను అసలు మాట ఎత్తాను. "చిన్నాయనా, నీ పండ్లు గట్లెందుకున్నయ్?"

ఆయన చిన్నప్పుడంతా పెరిగింది మర్రిగూడ వైపు, బోరు నీళ్లు తాగి. పండ్ల మీద గోధుమరంగు చారలు. ఫ్లోరైడ్. పండ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్లు వేసిన ముద్ర అది, జీవితాంతం పోదు. అదే నీళ్లు ఏండ్లకేండ్లు తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. వంగిపోయిన నడుములు నల్లగొండలో ఎన్ని చూడలేదు మనం? 2016లో కొత్త జిల్లా అయ్యేదాకా గుట్ట కూడా ఆ నల్లగొండలోదే.

ఇప్పుడు వినండి. ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగేది ఎలాంటి నీళ్లలో? క్షార గుణం ఉన్న నీళ్లలోనే! మన నేల కింద గ్రానైట్. ఆ రాళ్ల ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగిపోతుంది. కానీ బైకార్బనేట్లు ఎక్కువున్న క్షార జలాల్లో కాల్షియం సున్నపురాయిలా ముందే విడిపోతుంది. ఇక ఫ్లోరైడ్‌ను ఆపేవాడు లేడు. అంటే మా చిన్నాయన తాతల కాలం నుంచి ఫ్రీగా తాగింది ఆల్కలైన్ నీళ్లే. క్షారం అయినంత మాత్రాన నీళ్లు మంచివి కావని మన జిల్లా ఎముకలతో నేర్చుకున్న పాఠం ఇది.

దానికి మందు కూడా ఆమ్లం, క్షారాలతోనే కనిపెట్టారు. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన ఆ పద్ధతి పేరే 'నల్లగొండ టెక్నిక్'. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. పటిక కరిగితే నీళ్లు ఆమ్లం వైపు జరుగుతాయి, సున్నం దాన్ని వెనక్కి లాగుతుంది. మధ్యలో అల్యూమినియం దూదిపింజల్లా విచ్చుకుని ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. బ్లీచింగ్ క్రిములను చంపుతుంది. మన జిల్లా పేరుతోనే ఆఫ్రికా దేశాల్లోనూ దీన్ని వాడారు. అయితే రోజూ మోతాదు చూసుకోవాలి, అడుగున మిగిలే బురదను తీసి పారేయాలి. అందుకే అసలు పరిష్కారం నది నీళ్లను ఇంటికి తేవడమే. 2016 ఆగస్టు 7న మొదలైన మిషన్ భగీరథ ఆ పనికే.

ఇంకో మాట. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు. మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పసుపు చెప్పదు, రీల్ చుక్కలూ చెప్పవు. ల్యాబ్ పరీక్షే చెప్పాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా.

చిన్నాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఎర్రబడి మళ్లీ పసుపైన గ్లాసునే చూస్తున్నాడు. "అయితే పది రూపాయల ఆట సూపి లక్ష గుంజుతున్నడు" అన్నాడు చివరికి. సోమవారం ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. ఇంటి బోరు నీళ్ల శాంపిల్ పరీక్షకు ఇచ్చాడు. చీటీ డబ్బులు బ్యాంకులో ఉన్నాయి.

మీరూ ఇంట్లో పసుపు నీళ్లు చేసి చూడండి. సబ్బు, వంటసోడా, చింతపండు పులుసు, పెరుగు వేరువేరు గ్లాసుల్లో వేసి రంగులు ఫోటో తీయండి. సున్నం కంట్లో పడనీయకండి. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఆ రంగులు మీ నాయనకో చిన్నాయనకో చూపించండి. రేపు ఎవరైనా గ్లాసులో చుక్కలు వేసి భయపెడితే, వాళ్లు జేబులో చెయ్యి పెట్టకముందే గుర్తొస్తుంది.