కంప్యూటరు కంటే ముందు కాటా చీటీ

మిర్చి, పత్తి సీజను దగ్గర పడగానే అడ్తి దుకాణాలకు కంప్యూటరు ప్రోగ్రాములు అమ్మేవారి తాకిడి మొదలవుతుంది. బిల్లులు, ఖాతాలు, జీఎస్‌టీ లెక్కలు మీట నొక్కగానే తయారవుతాయని వారు చెబుతారు. అందులో అబద్ధం లేదు. అయితే ఏ తూకం ఎవరు రాయాలో, ఏ పద్దు ఎక్కడ పడాలో దుకాణంలోనే తేలనప్పుడు ఎంత మంచి ప్రోగ్రామైనా తప్పు లెక్కను త్వరగా చేసి పెడుతుంది. అంతకు మించి చేయగలిగింది లేదు.

వరంగల్ ఎనుమాముల యార్డుకు వచ్చిన ఒక లాటును వెంబడించి చూస్తే సంగతి తెలుస్తుంది. గేటు వద్ద సరుకు నమోదవుతుంది. జెండా పాటలోనో, ఆన్‌లైన్ వేలంలోనో ధర తేలుతుంది. దడువాయి తూకం వేస్తాడు. తక్‌పట్టీ తయారవుతుంది. రైతుకు సొమ్ము, ఖరీదుదారుకు బిల్లు వెళతాయి. ఈ లోగా అదే తూకం కాటా చీటీ, తక్‌పట్టీ, చిట్టా, ఖరీదుదారు బిల్లు, ఆవర్జాలలో అయిదు చోట్ల పడుతుంది. తిరిగి రాసిన ప్రతిసారీ దొర్లుకు అవకాశం ఉన్నట్లే.

ఉదాహరణకు 12 క్వింటాళ్ల 45 కిలోల సరుకు తక్‌పట్టీలో 12 క్వింటాళ్ల 54 కిలోలుగా పడి, ఖరీదుదారు బిల్లులో సరిగానే పడిందనుకుందాం. క్వింటాలు ధర 15,000 రూపాయలైతే తేడా 1,350 రూపాయలు. రెండు శాతం కమీషన్ లెక్కన ఆ లాటు మీద అడ్తిదారుకు వచ్చేది 3,735 రూపాయలు. రెండంకెలు తారుమారైతే మూడో వంతుకు పైగా రాబడి పోయినట్లే. అదే దొర్లు అటు తిరిగితే నష్టపోయేది రైతు. దుకాణం మీద నమ్మకం కూడా దానితోపాటే పోతుంది.

టీ వర్తకుల పాఠం

వ్యాపార లెక్కలకు కంప్యూటరును మొదట వాడినవారు బ్యాంకర్లు కారు. లండన్‌లో టీ దుకాణాలు, బేకరీలు నడిపిన జె. లయన్స్ కంపెనీ వారు. వ్యాపారానికి పనికివచ్చే యంత్రం బజారులో లేకపోవడంతో ‘లియో’ అనే కంప్యూటరును స్వయంగా తయారు చేసుకుని, 1951 నవంబరులో బేకరీ సరుకు విలువ కట్టే పని దానికి అప్పగించారు. అయితే అంతకు చాలా ముందే, 1930లలోనే, కార్యాలయపు పనితీరును పరిశీలించడానికి వారు ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసుకున్నారన్నది గమనించవలసిన విషయం.

1954లో టీ దుకాణాల ఆర్డర్లను లియోకు ఎక్కించినప్పుడు ఈ పరిశీలన ఫలించింది. ప్రతి దుకాణానికీ వారంలో ఏ రోజు ఏమి కావాలో దాదాపు స్థిరంగా ఉంటుంది. అందువల్ల ఆ ఆర్డరును ముందే యంత్రంలో ఉంచి, మార్పులుంటే మాత్రమే దుకాణం మేనేజరు ఫోను చేసి చెప్పే ఏర్పాటు చేశారు. రోజూ మొత్తం జాబితా రాసే పని తప్పింది. మేలు జరిగింది యంత్రం వేగం ఒక్కదాని వల్లనే కాదు. ఏ సమాచారం అవసరమో, ఏది అనవసరమో ముందుగా తేల్చుకున్నందువల్ల.

పద్దు ఒక్కసారే పడాలి

అడ్తి దుకాణానికి కూడా ఇదే వర్తిస్తుంది. తూకం ఒక్కచోట, వేసినప్పుడే నమోదు కావాలి. మిగిలిన కాగితాలన్నీ అక్కడి నుంచే తీసుకోవాలి. కేంద్రం 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్‌ను ప్రారంభించిన తరువాత అందులో చేరిన యార్డులు లాటుకు ఇచ్చే నంబరునే దుకాణం పుస్తకంలోనూ వాడుకోవడం మేలు. సొంత నంబరు మరొకటి వేస్తే రెండు లెక్కలు కలపడానికే ఒక గుమాస్తా కావాలి.

కోల్డ్ స్టోరేజీలో నిల్వ పెట్టే మిర్చి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బస్తాల లెక్క మారదు, తూకం మారుతుంది. లోపలికి వెళ్లిన తూకం, బయటికి వచ్చిన తూకం, తరుగు మూడింటికీ వేరువేరు గడులు లేకపోతే చెమ్మ ఆరి పోయిన బరువు ఎంతో, చేతులు మారి పోయినది ఎంతో యజమానికి ఎప్పటికీ తేలదు.

దిద్దుబాటుకూ దారి ఉండాలి. పాత పద్దు చెరిపివేయకుండా, ఎవరు ఎప్పుడు మార్చారో కనిపించాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగు సాఫ్ట్‌వేరుకు ఈ నిబంధన తప్పనిసరి అయింది. భాగస్వామ్య దుకాణాలకు అది వర్తించకపోయినా, భాగస్వాముల తగాదాలు ఎరిగిన వారెవరూ దానిని కాదనరు.

“ఇదంతా మా గుమాస్తాకు నోటికి వచ్చు” అనే యజమానులు ఇప్పటికీ తక్కువేమీ కాదు. ఆ గుమాస్తా మంచాన పడిన రోజున, సీజను మధ్యలో, రైతు బాకీలు, ఖరీదుదారుల గడువులు చెప్పేవారెవరు? అతనికి తెలిసినది కాగితం మీదికి తీసుకురావడమే మొదటి పని. ఆ పనిని ప్రోగ్రాము అమ్మవచ్చిన వాడికి వదిలిపెట్టడం తగదు. అతనికి ప్రోగ్రాము తెలుసు గాని, దుకాణం తెలియదు.

గుమాస్తాను, దడువాయిని, హమాలీ మేస్త్రీని కూర్చోబెట్టుకుని ఒక లాటు నడకను మొదటి నుంచి చివరి దాకా రాయించడానికి ఒక నోటు పుస్తకం, వారం రోజులు చాలు. అది పూర్తయ్యాక చిన్న దుకాణానికి కంప్యూటరే అక్కరలేదని తేలినా ఆశ్చర్యం లేదు. గడులు సరిగా గీసిన చిట్టాయే సరిపోవచ్చు. పెద్ద దుకాణమైతే ఏమి కొనాలో తెలుసుకుని కొంటుంది. ఏ రకంగా చూసినా ఆ నోటు పుస్తకం ఖరీదు దండుగ కాదు.